లాడ్జి గదికీ బస్సు ప్రయాణానికీ ఒక చిన్న గిటార్ యాంప్

మెడికల్ రెప్ ఉద్యోగం చేసుకునేవాడికి గిటార్ ఎందుకురా అని మా అమ్మ నా పెళ్లికి ముందు నుంచీ అడుగుతోంది. గిటార్ ఉంటే ఉండనీ, దానికి మళ్లీ శబ్దం పెంచి వినిపించే యాంప్ ఎందుకండీ అని ఈమధ్య మా ఆవిడ కూడా జతకలిసింది. వాళ్లిద్దరికీ వివరించే ఓపిక నాకు లేదు. ఊళ్లు తిరిగే ఉద్యోగంలో ఉండి కూడా గిటార్ వదల్లేనివాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మాది ఒడిశాలో రాయగడ. ఇంట్లో తెలుగు, బజారులో సగం తెలుగు సగం ఒడియా, డాక్టర్ దగ్గర మందు పేరు చెప్పేదాకా ఇంగ్లిష్, ఆ తర్వాత ఆయనకి ఏది సుఖంగా ఉంటే అది. నా లైను ఒకవైపు బిస్సంకటక్, మునిగుడ, గుణుపురం. ఇంకోవైపు లక్ష్మీపూర్, కోరాపుట్, సునాబెడా, జైపూర్. ఎప్పుడైనా మల్కనగిరి. నేను కలవాల్సిన డాక్టర్లలో చాలామంది రెప్పుల్ని చూసేది ఓపీ అంతా అయిపోయాకే. ఒక్కోసారి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఆ పని అయ్యి, భోంచేసి, లాడ్జి గదికి చేరేసరికి పది. వెంటనే నిద్ర పట్టదు. టీవీ ఉంటుంది, రిమోట్‌లో సెల్లు ఉండవు. అప్పుడు తీస్తాను గిటార్.

కరెంటు అక్కర్లేని అకౌస్టిక్ గిటార్ అయితే ఈ యాంప్ గొడవే ఉండదు కదా అంటారు. ఒకప్పుడు అదే మోసేవాణ్ణి. ఆ డబ్బా బస్సులో సీటు పైన పట్టదు, ఒళ్లో పెట్టుకుంటే పక్కాయన మోకాలికి తగులుతుంది. పైగా రాత్రి పదిన్నరకి లాడ్జిలో మీటితే పక్కగదివాళ్లు గోడ మీద దబదబ బాదుతారు. ఎలక్ట్రిక్ గిటార్ పలకలా సన్నగా ఉంటుంది, సంచిలో వేసి వీపుకి తగిలించుకుంటే మనిషితోపాటే కూర్చుంటుంది. యాంప్ లేకపోతే మాత్రం దాన్నుంచి తీగల టికటిక తప్ప ఏమీ రాదు.

డాక్టర్లకి మందుల గురించి చెప్పడానికి మోసే డిటైలింగ్ బ్యాగు భుజానికి, బట్టల బ్యాగు చేతికి, గిటార్ వీపుకి. కాబట్టి యాంప్ ఈ మూడింటిలో ఎందులోనో దూరాలి, లేదంటే మిగిలిన ఒక్క చేత్తో పట్టుకుని జైపూర్ బస్టాండులో పరిగెత్తగలిగేంత తేలిగ్గా ఉండాలి. షాపుల్లో ‘ఇది కూడా పోర్టబులే సార్’ అంటూ చూపించే పది పదిహేను వాట్ల ప్రాక్టీస్ యాంపులు ఇక్కడే తేలిపోతాయి. బరువు సంగతి అటుంచితే, ప్లగ్గు లేనిదే నోరు విప్పవు.

ఇక మిగిలేవి మూడు రకాలు. గిటార్‌కి వైరు గుచ్చే రంధ్రంలో, అంటే జాక్‌లో, నేరుగా గుచ్చేసే బుల్లి ముక్కలు ఒక రకం. వాక్స్ వాళ్ల యాంప్‌ప్లగ్ అలాంటిదే, రెండు సన్న పెన్సిల్ సెల్లు వేస్తే పనిచేస్తుంది. ఫెండర్ మస్టాంగ్ మైక్రో కూడా ఆ కోవలోదే, కాకపోతే దానికి చార్జింగ్ పెట్టుకోవాలి. చొక్కా జేబులో పడతాయి గానీ వీటికి స్పీకర్ ఉండదు, హెడ్‌ఫోన్స్‌లో మనమొక్కళ్లమే వినాలి. రెండో రకం అరచేతిలో ఇమిడేవి. పాజిటివ్ గ్రిడ్ స్పార్క్ గో బరువు 346 గ్రాములే, 5 వాట్లు, 2 అంగుళాల స్పీకర్, లోపలే లిథియం బ్యాటరీ. మూడో రకం ఒక చేత్తో పట్టుకుని మోసేవి: బాస్ కటానా మినీ (చివరికి నేను కొన్నది ఇదే), రోలండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్, బ్లాక్‌స్టార్ ఫ్లై 3. యమహా టీహెచ్‌ఆర్ శబ్దం వీటన్నిటికంటే నాకు ఇష్టం. కానీ మూడు కిలోల పెట్టె అది, ఇంట్లో బల్ల మీద పెట్టుకోవడానికే బాగుంటుంది.

బ్యాటరీ యాంప్ అనేది కొత్త సరుకేమీ కాదు. అమెరికాలో పిగ్‌నోస్ అని చిన్న చెక్కపెట్టె యాంప్ 1973లోనే వచ్చింది. 5 వాట్లు, 5 అంగుళాల స్పీకర్, ఆరు పెన్సిల్ సెల్లు, ముందువైపు అచ్చం పంది ముక్కు ఆకారంలో ఒకే ఒక్క నాబ్. యాభై ఏళ్లు దాటిపోయాక రాయగడలో కూర్చుని నేను వెతుక్కున్నదీ దాదాపు ఆ లెక్కే.

వాట్ల గురించి షాపువాళ్లు చెప్పేది సగమే నమ్మాలి. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెల్స్ పెరుగుతుందంతే. చెవికి ‘కాస్త పెరిగిందేమో’ అనిపిస్తుంది. రెండింతలు అయిందని చెవి ఒప్పుకోవాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి, అంటే 7 వాట్ల మీద 70 వాట్లు. కాబట్టి ఇది 3, అది 5, ఇంకోటి 7 అని రాత్రంతా ఫోన్లో పోల్చుకుంటూ కూర్చోవడం వృథా. లాడ్జి గదిలో వాల్యూమ్ నాబ్ పావువంతు కూడా తిరగదు. బయట తుడుం, డప్పు మొదలయ్యాక 7 వాట్లున్నా 3 వాట్లున్నా ఒకటే, ఏదీ వినపడదు.

వాట్ల కంటే స్పీకర్ ఎంతుందో, దాని చుట్టూ పెట్టె ఎంతుందో చూడటం మంచిది. గిటార్‌లో లావు తీగ వదిలేసి మీటితే సెకనుకి 82 కంపనాలు. నాలుగు అంగుళాల స్పీకర్ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో అంత కింది స్వరాన్ని సరిగ్గా పలికించలేదు. అయినా మనకి ఆ స్వరం వినపడినట్టే ఉంటుంది. ఎందుకంటే దానితోపాటు పుట్టే 165, 247 లాంటి పైస్వరాలు స్పీకర్‌లో బాగానే వస్తాయి, వాటిని బట్టి కింది స్వరాన్ని మన బుర్రే పూరించుకుంటుంది. రెండు అంగుళాల స్పీకర్ దగ్గరికి వచ్చేసరికి బుర్రకి ఈ చాకిరీ మరీ ఎక్కువవుతుంది, కాసేపటికి చెవి అలిసిపోతుంది. నా అనుభవంలో నాలుగు అంగుళాల కంటే కిందకి దిగితే పాట వినడానికి పర్వాలేదు గానీ, గంటసేపు వాయించడానికి బాగోదు.

గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు వాదన వేరు. “ఏటి మావయ్యా, నీ దగ్గర బ్లూటూత్ స్పీకర్ ఉంది కదా, దానికే తగిలించేయొచ్చు. మళ్లీ యాంప్ కొనడం దండగ” అన్నాడు. చాలామందికి వచ్చే ఆలోచనే ఇది, కానీ కుదరదు. బ్లూటూత్‌లో శబ్దం స్పీకర్‌కి చేరేసరికి సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యం అవుతుంది. సినిమా చూసేటప్పుడు మనకి తెలియదు, ఎందుకంటే ఫోన్ బొమ్మని కూడా ఆ మేరకు ఆపి చూపిస్తుంది. గిటార్ విషయంలో మీటే చెయ్యి మనది, దాన్ని ఎవరూ ఆపలేరు. ఇప్పుడు మీటితే శబ్దం తర్వాతెప్పుడో వస్తుంది. తాళం వేయడం అయ్యే పని కాదు.

సరే, వైరుతో స్పీకర్ ఆక్స్‌లో (ఫోన్ వైరు గుచ్చే రంధ్రంలో) పెడతానన్నాడు. అదీ బాగోదు. గిటార్‌లో తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేది పికప్. సిగ్నల్‌ని ముందే పెంచే ప్రీయాంప్ లేని మామూలు పికప్ నుంచి వచ్చేది చాలా నాజూకు. గిటార్ యాంప్ ఇన్‌పుట్ దాన్ని పెద్దగా లాగకుండా తీసుకుంటుంది, దాని ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం, సుమారు 10 లక్షల ఓమ్‌లు. మామూలు ఆక్స్ ఇన్‌పుట్‌లో అది వేలల్లోనే ఉంటుంది, అందుకని పికప్ మీద బరువు పడి సన్నతీగల మెరుపంతా పోతుంది. మిగిలేది మొద్దు శబ్దం. చిన్న యాంపుల్లో బ్లూటూత్ ఇచ్చేది గిటార్ కోసం కాదు, ఫోన్లో పాట పెట్టుకుని దాంతోపాటు వాయించడానికి. అక్కడ పాట కాస్త లేటుగా వచ్చినా మనం వింటూ వాయిస్తాం కాబట్టి తేడా పడదు, గిటార్ మాత్రం వైరు మీదే వెళ్తుంది. ఇదంతా విన్నాక వాడు నా స్పీకర్ జోలికి రావడం మానేసి స్పార్క్ గో కొనుక్కున్నాడు. ఆ దెబ్బతో మా ఇద్దరి మధ్య అసలు తగువు మొదలైంది.

నా లెక్కలో యాంప్ ఎంచుకోవడానికి మొదటి ప్రశ్న శబ్దం కాదు, చార్జ్ అయిపోతే ఏం చేస్తావు అనేది. లోపల లిథియం బ్యాటరీ ఉన్నవి అయిపోతే గోడకి తగిలించి కూర్చోవాలి. పెన్సిల్ సెల్లు వేసేవైతే మూత తీసి, ఆరు మార్చి, మూత వేస్తే పని అయిపోయింది. కాశీపూర్ వైపు కొన్ని ఊళ్లలో గాలివాన వచ్చిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఉన్న కరెంటులో ఫోన్‌కి చార్జింగ్ పెట్టుకోవాలా, యాంప్‌కి పెట్టుకోవాలా? మర్నాడు డాక్టర్‌కి ఫోన్ చేయాలి కాబట్టి ఫోనే గెలుస్తుంది. ఇంకొకటి, నాలుగైదేళ్లకి లిథియం నీరసపడుతుంది. అప్పుడు ఆ యాంప్ విప్పి అదే కొలత బ్యాటరీ తెచ్చి వేసేవాడు మా రాయగడలో నాకింకా కనిపించలేదు.

మేనల్లుడు ఊరుకోడు కదా. “టైప్ సీ చార్జర్ లేని ఇల్లుందా మావయ్యా ఇప్పుడు? పవర్ బ్యాంకు ప్రతివాడి సంచిలోనూ ఉంది. నీ పెన్సిల్ సెల్లు ఎవడి దగ్గరున్నాయి?” వాడి మాటలోనూ నిజముంది. హాస్టల్లో ఉండేవాడికి స్పార్క్ గో సరిగ్గా సరిపోయింది, ఒకసారి చార్జ్ చేస్తే 8 గంటల దాకా అని కంపెనీ చెబుతోంది, వాడికి ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదట. వాయించినా వాయించకపోయినా మంచం మీద పాటలు వినడానికైనా పనికొస్తోంది.

సెల్లు ప్రతి కిరాణా కొట్లోనూ దొరుకుతాయి అనే మాటలో కూడా ఒక మెలిక ఉంది. చిన్న ఊళ్లలో కొట్టువాడు ఇచ్చేవి గోడ గడియారానికీ రిమోట్‌కీ వేసే మామూలు జింక్ కార్బన్ సెల్లు. గడియారం తాగే కరెంటు ఎంత, యాంప్ తాగేది ఎంత? అవి వేసి నెమ్మదిగా తీగలు మీటితే బాగానే పలుకుతుంది. ఆరు తీగలూ కలిపి ఒక్కసారి గట్టిగా కొట్టామనుకోండి, పవర్ లైటు మసకబారుతుంది, శబ్దం మధ్యలో చిరిగిపోతుంది, మళ్లీ మెల్లగా తేరుకుంటుంది. సెల్లు అయిపోయి కాదు, ఒక్కసారిగా అంత కరెంటు ఇవ్వడం వాటి వల్ల కాక. ఆల్కలైన్ అని రాసి ఉన్నవి అడిగి తీసుకోవాలి. కోరాపుట్, జైపూర్‌లలో దొరుకుతాయి, లక్ష్మీపూర్‌లో దొరికితే అదృష్టం.

నేను వాడేది చార్జింగ్ పెన్సిల్ సెల్లు, నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, రెండు సెట్లు. ఒకటి యాంప్‌లో, ఒకటి సబ్బు పెట్టెలో. ఇవి ఒక్కొక్కటి 1.2 వోల్టులే, మామూలువి 1.5. ఆరు కలిపితే 9కి బదులు 7.2 వస్తుంది. కటానా మినీ దాంతోనే బాగా నడుస్తోంది, పూర్తి వాల్యూమ్‌లో మాత్రం కాస్త ముందుగానే గరగరమంటుంది. ఆల్కలైన్ వేస్తే 7 గంటలు వస్తుందని కంపెనీ లెక్క, మైక్రో క్యూబ్ జీఎక్స్‌కి 20 గంటల పైమాటే. ఇంకో జాగ్రత్త. వారం పైన వాయించనని తెలిస్తే సెల్లు బయటికి తీసేయాలి. వానాకాలంలో మా వైపు తేమకి మామూలు సెల్లు కారి, లోపల స్ప్రింగులు పచ్చగా పట్టేసిన రేడియోలు చాలానే చూశాను.

గోడకరెంటు మీద నడపాలంటే కటానా మినీకి అడాప్టర్ విడిగా కొనుక్కోవాలి, డబ్బాలో ఇవ్వరు. అది 9 వోల్టులది, పిన్ను మధ్యలో నెగెటివ్ ఉండే రకం. వైఫై రూటర్ అడాప్టర్ పిన్ను అందులో చక్కగా దూరుతుంది. దూరింది కదా అని పెట్టేయకండి. రూటర్లవి చాలావరకు మధ్యలో పాజిటివ్, కొన్నిటి వోల్టేజీ కూడా 12. పవర్ బ్యాంకు నుంచి 9 వోల్టులు తీసే కేబుళ్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, నేను వాడినదాంట్లో శబ్దం వెనకాల సన్నగా కీచుమనే మోత వచ్చేది. పాట ఆపగానే అదొక్కటే వినిపించి చికాకు పుట్టేది, పక్కన పడేశాను.

ఇంతకీ కటానా మినీనే ఎందుకంటే, కిలో పైన చిల్లర బరువు, 4 అంగుళాల స్పీకర్, ఆరు సెల్లు, యాప్ లేదు. మైక్రో క్యూబ్ జీఎక్స్ 2.7 కిలోలు. అందులో ట్యూనర్ ఉంది, కోరస్ (ఒకే స్వరం నలుగురు వాయించినట్టు) ఉంది, రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు) ఉంది, రకరకాల యాంపుల పోలికలు ఉన్నాయి, గదిలో విన్నప్పుడు గరగర లేని దాని క్లీన్ శబ్దమే నాకు నచ్చింది. కానీ లక్ష్మీపూర్ ఘాట్ రోడ్డులో నిలబడి ప్రయాణం చేస్తే ఆ అదనపు కిలోన్నర ఏంటో భుజానికి తెలుస్తుంది. కటానా మినీలో క్లీన్, క్రంచ్ (కాస్త గరగర), బ్రౌన్ (బాగా గరగర) అని మూడే రకాల శబ్దాలు, బాస్ మిడిల్ ట్రెబుల్ (కింది, నడిమి, పై స్వరాల) నాబులు, ఒక డిలే (ప్రతిధ్వని). రివర్బ్ లేదు. డిలే టైము తగ్గించి కాస్త కలిపితే దాదాపు ఆ పని జరుగుతుంది. మా కంపెనీవాళ్లు పోయినేడాది ఇచ్చిన డిటైలింగ్ బ్యాగులో అది సరిగ్గా పట్టింది. లోపల స్పాంజి, బయట మా షుగర్ మాత్రల పేరు. బస్సులో కండక్టర్ “ఏటి బాబూ, రేడియోనా?” అని అడిగితే అవునంటాను, టికెట్ గొడవ ఉండదు.

యాప్ మీద నాకు ద్వేషమేమీ లేదు. స్పార్క్ గోలో నాలుగు ప్రీసెట్లు (ముందే కుదిర్చి పెట్టుకున్న శబ్దాలు) యాంప్‌లోనే దాచుకోవచ్చు, ఫోన్ లేకపోయినా వాయించొచ్చు. అయితే లోపల ఏదైనా మార్చాలంటే ఫోన్ తీయాల్సిందే. ఫోన్ తీస్తే ఏరియా మేనేజర్ వాట్సాప్ కనపడుతుంది. రోజంతా చూసిన ఆ స్క్రీన్‌ని రాత్రి పదిన్నరకి మళ్లీ తెరవడం కంటే ట్రెబుల్ నాబ్ చేత్తో తిప్పుకోవడం ఎంత హాయో రెప్పులకే తెలుస్తుంది.

లాడ్జి గదిలో ఎదురయ్యే ఒక వింత చెప్పాలి. యాంప్ బ్యాటరీ మీద నడుస్తున్నా ఒక్కోచోట బుర్రుమని మోత వస్తుంది. కారణం చాలాసార్లు ఫ్యాన్ రెగ్యులేటర్. గుండ్రంగా తిప్పే పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటుని సెకనుకి వందసార్లు కోసి వదులుతాయి. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్ ఆ గోలంతా గాలిలోంచే పట్టేస్తుంది. ఫ్యాన్ మూడులో ఉంటే మోత, పూర్తిగా ఐదుకి తిప్పితే దాదాపు పోతుంది. అందుకని జనవరిలో కోరాపుట్ చలిలో కూడా ఫ్యాన్ ఐదులో పెట్టుకుని వాయించాలా అనకండి, చలికాలం ఫ్యాన్ ఆపేస్తే సరి. గొడవంతా ఎండాకాలమే. అప్పటికీ పోకపోతే కుర్చీలో కూర్చున్నచోటే మెల్లగా పక్కకి తిరగాలి. ఏదో ఒక దిక్కులో మోత తగ్గిపోతుంది, ఆ దిక్కు చాలాసార్లు గోడకేసి ఉంటుంది.

యాంప్‌ని నేల మీద పెట్టకండి. చిన్న స్పీకర్ నుంచి సన్నస్వరాలు తిన్నగా ముందుకే వెళ్తాయి, నేల మీద ఉంటే అవి మన పిక్కలకి వినపడతాయి, చెవులకి కాదు. స్టూలు మీద గోడ మూలకి దగ్గరగా పెడితే కింది స్వరాలకి కూడా గోడ కొంత బలం ఇస్తుంది. పదకొండు దాటాక హెడ్‌ఫోన్స్. జాక్ పెట్టగానే స్పీకర్ ఆగిపోతుంది, పక్కగదిలో ఎవరున్నా పేచీ లేదు.

ఇక స్టేజి సంగతి. డిసెంబర్ వచ్చిందంటే గుణుపురం, బిస్సంకటక్ చుట్టుపక్కల ఊళ్లలో క్రిస్మస్ కార్యక్రమాలు రాత్రిళ్లు జరుగుతాయి. అక్కడ గిటార్ వాయించే కుర్రాళ్లకి కొదవ లేదు, నన్ను కూడా ఒకటి రెండు పాటలకి పిలుస్తారు. మైక్‌సెట్టు జనరేటర్ మీద ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనకాల వైరు ఉండదు. ఒక ఏడాది అక్కడే ఎవరిదో పెద్ద యాంప్‌కి గిటార్ తగిలించి, చేత్తో తీగలు పట్టుకుని, పాడదామని మైకు దగ్గరికి మూతి పెట్టాను. పెదవి మీద చెళ్లుమంది. కళ్ల ముందు నీలంగా మెరిసింది. గిటార్ తీగలు అవి ఆనే బ్రిడ్జి కింద సన్న వైరు ద్వారా యాంప్ గ్రౌండ్‌కి (ఎర్త్ వైపు వైరుకి) కలిసి ఉంటాయి. మైకు జాలీ మైక్‌సెట్టు మిక్సర్ గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. ఎర్త్ లేనప్పుడు ఈ రెండు గ్రౌండ్లూ ఒకే మట్టంలో ఉంటాయన్న నమ్మకం లేదు. మధ్యలో దారి మన ఒళ్లే.

బ్యాటరీ యాంప్ గోడకీ జనరేటర్‌కీ తగలదు కాబట్టి ఆ దారి తెగిపోతుంది. నేను ఇది కొనడానికి, నిజం చెప్పాలంటే, సగం కారణం ఇదే. అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. శబ్దం చాలదని యాంప్ వెనకాల ఉన్న రికార్డింగ్ అవుట్ నుంచి మిక్సర్‌కి వైరు లాగితే గ్రౌండ్ మళ్లీ కలిసిపోతుంది. బ్యాటరీ మీద ఉన్నాం కదా అన్న ధీమా ఒక్క వైరుతో పోతుంది. వైరు లాగకుండా, పాటలు పాడే మైకు ఒకటి యాంప్ ముందు పెట్టించడమే మంచి పద్ధతి. పోయిన డిసెంబర్‌లో అలాగే చేశాం. ప్లాస్టిక్ కుర్చీలో కటానా మినీ, దాని ముందు మడతపెట్టిన తువ్వాలు, తువ్వాలు మీద మైకు, స్పీకర్ జాలీకి రెండు వేళ్ల దూరంలో, నడిమధ్యకి కాకుండా కాస్త పక్కకి. మైక్‌సెట్టు అబ్బాయి మొదట నవ్వాడు. మిక్సర్ మీద శబ్దం పెంచే ఫేడర్ పైకి తీశాక నవ్వలేదు. మధ్యలో జనరేటర్ డీజిల్ అయిపోయి లైట్లన్నీ ఆరిపోయినప్పుడు ఆ చీకట్లో పలికిన వస్తువు ఇదొక్కటే. ముందు వరసల్లోవాళ్లు దాంతోనే పాట పూర్తి చేశారు. వెనకాలవాళ్లకి ఏమీ వినపడి ఉండదు.

కొనేముందు షాపులో చూడాల్సినవి కొన్ని. మీ గిటార్, మీ కేబుల్ తీసుకెళ్లండి, వాళ్ల ఖరీదైన గిటార్‌తో ఏ యాంపైనా బాగానే ఉంటుంది. అడాప్టర్ తీయించి సెల్లు వేయించండి. అందరూ వాల్యూమ్ పెంచి చూస్తారు, మీరు బాగా తగ్గించి చూడండి. రేపు రాత్రి గదిలో వాయించేది అక్కడే. కొన్ని యాంపులు కింది వాల్యూమ్‌లో పేలవంగా ఉంటాయి, కొన్నిటిలో పాట కంటే సుయ్‌మనే మోత ఎక్కువ. సెల్ గది మూత పదిసార్లు తీసి పెట్టి చూడండి, షాపువాడు విసుక్కున్నా సరే. ఆ ప్లాస్టిక్ కొక్కెం విరిగితే తర్వాత టేపే గతి.

మీటింగులకి వైజాగ్ నుంచి విమానంలో వెళ్లేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో పెట్టనివ్వరు. పరిమితి 100 వాట్ అవర్లు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74కి వస్తుంది కాబట్టి భయం లేదు.

ఇదంతా ఎలక్ట్రిక్ వాయించేవాళ్ల గొడవ. మన దగ్గర సెమీ అకౌస్టిక్ అని పిలిచే పికప్ గిటార్ ఉండి, పాట కూడా పాడేవాళ్లకి కటానా మినీ నేను చెప్పను. క్లీన్‌లో పెట్టినా అకౌస్టిక్ గిటార్ లాంటి తేటదనం రాదు, మైకు పెట్టుకోవడానికి చోటు లేదు. జైపూర్‌లో నేను కలిసే ఒక పిల్లల డాక్టర్ గారు పాత పాటలు బ్రహ్మాండంగా పాడతారు. ఓపీ అయ్యాక నా బ్యాగు తెరిపించి, యాంప్ చూసి, ఇలాంటిదే తెప్పించుకుంటానన్నారు. వద్దు సార్, మీరు బాస్ క్యూబ్ స్ట్రీట్ 2 చూడండి అన్నాను. మైకుకీ గిటార్‌కీ వేర్వేరు చానళ్లు, 10 వాట్లు, ఎనిమిది పెన్సిల్ సెల్లు. నా దానికంటే చాలా పెద్దది, బరువూ ఎక్కువే. ఆయనకి కారుంది, మోయడానికి డ్రైవర్ ఉన్నాడు. కొన్నారు. సెల్లు మాత్రం ఇంకా వేయలేదు, క్లినిక్ పైన పాత మేడగదిలో ప్లగ్గులోనే నడుపుతున్నారు. ఆ బోర్డుకి ఎర్త్ చూపించుకున్నారా సార్ అని విజిట్‌కి వెళ్లినప్పుడల్లా అడుగుతున్నాను. ఎలక్ట్రీషియన్ రేపొస్తాడంటారు. మా కంపెనీ కొత్త సిరప్ గురించి మాట్లాడాల్సిన టైమంతా అందులోనే పోతోంది.